ఆయమ్మకి, వంటమ్మలకి చేత్తో ఏం కుట్టిస్తే బాగుంటుంది?

కుట్టుమిషను_పెడన (ఏప్రిల్ 1)

అందరికీ నమస్కారం. మాది పెడన. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, ఫ్రాకులు, పరికిణీలు కుడతాను. మా పాప మా వీధి చివర ఉన్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి. ఏప్రిల్ 23తో ఆ బడి అయిపోతుంది, జూన్ 12న హైస్కూల్లో చేరుతుంది. ఈలోపు ఆ బడిలో వాళ్ళకి నా చేత్తో ఏదైనా చేసి ఇవ్వాలని ఉంది. ఏం చేయాలో తేలక ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

టీచర్లకైతే ప్రతి సెప్టెంబరు 5కీ పిల్లలు ఏదో ఒకటి ఇస్తూనే ఉంటారు. నాకు ముందు ఆయమ్మకి ఇవ్వాలని ఉంది. ఎందుకంటే, మొన్న సంక్రాంతి సెలవుల్లో పాప మాటల్లో ఒక సంగతి బయటపడింది. ఒకటో తరగతిలో ఉన్నప్పుడు కడుపు పాడై ఒకరోజు బట్టల్లోనే అయిపోయిందట. ఆయమ్మ బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి కడిగి, గౌను ఉతికి పిట్టగోడ మీద ఆరేసి, అది ఆరేదాకా తన తువ్వాలు చుట్టబెట్టి వరండాలో పక్కనే కూర్చోబెట్టుకుందట. పిల్లలెవరో అడిగితే "బోరింగు కొడుతుంటే తడిసిపోయింది" అని చెప్పిందట. మా పాప ఇంటికొచ్చి చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. నాలుగేళ్ళుగా గేటు దగ్గర రోజూ కనపడుతూనే ఉంది, "ఏమ్మా, బాగున్నావా" అంటుంది, అంతే. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడ ఎదురుపడితే నాకే మాట రావట్లేదు.

వంటమ్మలు ఇద్దరు. పిల్లలు డెబ్భై మంది దాకా ఉన్నారు, వంద వరకూ ఇద్దరే అని లెక్కట. మా పాప గుడ్డులో పచ్చసొన ముట్టదు. పెద్ద వంటమ్మ అది కనిపెట్టి, పచ్చసొనని సాంబారన్నంలో మెదిపేసి పెట్టేదట. ఏడాది తిన్నాక గానీ దీనికి తెలియలేదు.

ఇంక హెచ్చెమ్ గారు, ఒక టీచరమ్మ. వీళ్ళు కాక మా వీధి పిల్లల్ని దింపే ఆటో అన్నయ్య. ఆయన బడి మనిషి కాదు గానీ ఆయన్ని వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. మొత్తం ఆరుగురు.

గుడ్డకి కరువు లేదు. ఇక్కడ కలంకారీ షెడ్లలో అచ్చు జరిగిపోయిన గుడ్డ, తాను చివరి ముక్కలు కిలో లెక్కన ఇస్తారు. నా దగ్గర ఒక గోనె సంచిడు ఉన్నాయి. జిప్పులు, లైనింగు, దారాలకి 800 దాకా పెట్టగలను. పాపకి కాడకుట్టు, బొత్తాలు కుట్టడం వచ్చు, తనూ కూర్చుంటానంటోంది.

నేను అనుకున్నది: ఆయమ్మకి బడి తాళాల గుత్తి పెట్టుకునే చిన్న సంచి (ఎప్పుడూ కొంగున కట్టుకుని తిరుగుతుంది), వంటమ్మలకి వేడి గిన్నెలు దించుకోవడానికి దళసరి మసిగుడ్డలు, లోపల పాత తువ్వాలు పెట్టి. టీచర్లకి పెన్ స్టాండు. అట్టముక్కకి గుడ్డ అంటించి చేసేది యూట్యూబులో చూశాను. ఆటో అన్నయ్యకి ఏం చేయాలో తోచలేదు.

మావారేమో "సారుకి షర్టు గుడ్డ, మిగతావాళ్ళకి జాకెట్టు ముక్కలు ఇచ్చెయ్, గొడవ వదులుతుంది" అంటున్నారు. మీరేమంటారు?

బుట్టల_పిన్ని

అమ్మాయ్, నాది నగరి. మా వైపు ఇలాంటి వాటికి వైరు బుట్టే. ఇరవై ఏళ్ళుగా అల్లుతున్నాను. క్యారేజీ, నీళ్ళ సీసా పట్టే బుట్టకి రెండు కట్టల వైరు సరిపోతుంది. ఒక రంగు ఒంటికి, ఒక రంగు గళ్ళకి. పోగులు మూరలు కొలిచి కోసుకోవాలి. ముందు అడుగు అల్లి, అక్కడి నుంచి చుట్టూ పైకి లేపుకుంటూ రావాలి. అడుగు గట్టిగా బిగిస్తేనే బుట్ట నిలబడుతుంది, లేకపోతే ఒకపక్కకి ఒరిగిన ఇల్లులా ఉంటుంది. కాడల లోపల సన్నటి ట్యూబు ముక్క దూర్చి దాని మీద అల్లితే బరువుకి చెయ్యి కోసుకోదు. సాయంత్రాలు కూర్చుంటే ఐదు రోజుల్లో ఒకటి అవుతుంది. తడిసినా భయం లేదు, పదేళ్ళు ఉంటుంది.

అయితే నీకు అల్లడం రాకపోతే మూడు వారాల్లో నేర్చుకుని ఆరు చేయాలనుకోకు. మొదటి బుట్ట ఎవరిదైనా వంకరే. నీకు మిషను వచ్చు కదా, వచ్చినదే చెయ్యి.

ఎస్జీటీ_విజయనగరం

నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. ఉన్నమాట చెప్తాను, ఏమీ అనుకోకండి. పెన్ స్టాండు మాత్రం వద్దు. మా బడి బీరువా మీద ఇప్పుడు పదకొండు ఉన్నాయి. ఐస్‌క్రీం పుల్లలవి, పాత సీడీలవి, గాజులవి. వానాకాలం చెమ్మకి జిగురు వదిలి పుల్లలు ఒక్కొక్కటే ఊడి పడుతుంటాయి. పిల్లలు ప్రేమగా ఇచ్చింది, పారేయడానికి చేతులు రావు. ఇంతకీ మా దగ్గర పెన్నులు ఉండేవి రెండు, ఒకటి ఎప్పుడూ హెచ్చెమ్ గారి జేబులో ఉంటుంది.

ఖరీదైనవి కూడా వద్దు. మాకు కండక్ట్ రూల్స్ ఉన్నాయి, 1964 నాటివి. గిఫ్టుల విషయంలో పట్టింపు ఉంటుంది. ఇంట్లో కుట్టిన గుడ్డ సంచికి ఎవరూ ఏమీ అనరు గానీ, చీర, వెండి కుంకుమ భరిణె లాంటివి ఇస్తే తీసుకోలేం, వద్దని మీ మొహం మీద అనలేం. ఆ ఇబ్బంది పెట్టకండి.

నాకు నిజంగా కావలసింది చెప్పనా? ఫోను పెట్టుకోవడానికి సంచి. నవ్వకండి. హాజరు ఫోనులోనే, భోజనం లెక్క ఫోనులోనే. మధ్యాహ్నానికల్లా ఛార్జింగు అయిపోతుంది. మా తరగతి గదిలో ప్లగ్గు తలెత్తున ఉంటుంది, కింద బల్ల లేదు. ఫోను వైరుకి ఉరేసుకున్నట్టు వేలాడుతుంది. రెండుసార్లు కిందపడింది, రెండోసారి అద్దం పోయింది. ప్లగ్గుకే తగిలించుకునే సంచి ఎవరైనా కుట్టిస్తే దండం పెడతాను.

ఇంకోటి. పాప చేత నాలుగు వాక్యాలు రాయించి అందులో పెట్టండి. "మీరు చాలా మంచివారు" లాంటివి కాదు. మీ పచ్చసొన కథ లాంటిది. నా దగ్గర 2014లో ఒక పిల్లవాడు రాసిన కాగితం ఇప్పటికీ ఉంది. "మీరు నన్ను కొట్టి తర్వాత బిస్కెట్ ఇచ్చారు" అని ఉంటుంది అందులో.

పక్కా_లెక్క

అందరూ సంచులు, బుట్టలు అంటున్నారు. ఆ ఆయమ్మకి జీతం ఎంత? వంటమ్మలకి నెలకి 3000 గౌరవ వేతనం. గుడ్డముక్కలతో ఎవరి కడుపూ నిండదు. ఆ 800కి ఇంకో 700 కలిపి ముగ్గురికీ తలా 500 చేతిలో పెట్టండి. చేత్తో చేసినది అని మురిసిపోయేది ఇచ్చేవాళ్ళే, పుచ్చుకునేవాళ్ళు కాదు.

ఖమ్మం_పిల్ల

పైన లెక్కల అన్న చెప్పింది సగం నిజం. మా అమ్మ పద్నాలుగేళ్ళుగా బడిలో వంట చేస్తోంది, కాబట్టి నేను చెప్పొచ్చు అనుకుంటున్నా.

అక్కా, మసిగుడ్డలు ఇవ్వకండి. మీ మనసు నాకు అర్థమైంది, చేతులు కాలకూడదనే కదా. కానీ ఒక ఏడాది మా అమ్మ వాళ్ళ బడిలో ఎవరో దాతలు వచ్చి టీచర్లకి చీరలు పెట్టి, వంటవాళ్ళకి బడి పేరు అచ్చేసిన ఏప్రాన్లు ఇచ్చారు. ఫోటో కూడా తీసుకున్నారు. అమ్మ ఇంటికొచ్చి ఆ ఏప్రాను కవరు విప్పకుండానే అటక మీద పడేసింది. "నాకు ఇచ్చిన్రా, బడికి ఇచ్చిన్రా?" అన్నది. అంతే, ఇంకేం అనలేదు. గంటె, గుడ్డ, గిన్నె బడి కొనాల్సినవి. అవి మనం తెచ్చిస్తే కొనాల్సినవాళ్ళకి మిగులు. మీ ఆయమ్మ తాళాల సంచి కూడా అంతే కదా. ఆ తాళాలు ఆమెవా?

డబ్బు సంగతి. అమ్మ డబ్బు తీసుకునేది కాదు. అవసరం లేక కాదు. రేపు ఆ పిల్ల కంచం పట్టుకుని లైన్లో నిలబడితే తనకి ఎట్లనో ఉంటుందట. మీ పాప వెళ్ళిపోతోంది కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు, అయినా ఆలోచించుకోండి.

అమ్మ దాచుకున్నది ఏంటో చెప్తా. ఒక పిల్లాడి తల్లి అల్లి ఇచ్చిన క్రోషా గుడ్డ. టీవీ మీద వేసేది. టీవీ గోడకెక్కాక ఫ్రిజ్ మీదికి మారింది. చుట్టాలొస్తే "బడిలో ఒక పిలగాడి అమ్మ ఇచ్చింది" అని తనే చెప్తుంది. అందులో వంట లేదు, బడి లేదు. మీ వంటమ్మలు వంట అయిపోయాక ఎటు పోతారో, ఆదివారం ఏం చేస్తారో తెలుసుకోండి. అప్పుడు ఏం కుట్టాలో మీకే తెలుస్తుంది.

కుట్టుమిషను_పెడన (ఏప్రిల్ 3)

ఖమ్మం చెల్లీ, నీ రాత రాత్రి చదివాను. మసిగుడ్డలు నాలుగు అప్పటికే కోసేశాను కూడా. పొద్దున మా వంటింట్లో పెట్టేసుకున్నాను. మీ అమ్మగారి మాట మాత్రం పోవట్లేదు. నేనూ ఆవిడ చేతిలో పనినే చూశాను, ఆవిణ్ణి చూడలేదు.

రెండు రోజులు కనుక్కుంటే ఇవి తెలిశాయి. పెద్ద వంటమ్మ ఆదివారం ఆదివారం చర్చికి వెళ్తుంది. బైబిలు, పాటల పుస్తకం ఏదో బట్టల షాపు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్ళడం మా ఆడపడుచు చూసింది. మావారు చెప్పినట్టు జాకెట్టు ముక్కకి పసుపు కుంకుమ జోడించి ఇచ్చి ఉంటే ఆవిడ ఏం చేసుకునేదో! కాబట్టి ఆవిడకి బైబిలు సంచి. చిన్న వంటమ్మ తమ్ముడి పెళ్ళి మే నెలలో. చీర కొనుక్కుంది, జాకెట్టు ఇంకా కుట్టించుకోలేదు. కుట్టుకూలి గురించి ఆలోచిస్తోందని వాళ్ళమ్మాయి అంది. అది విని తల కొట్టుకున్నాను. పదిహేనేళ్ళుగా జాకెట్లు కుడుతూ ముక్కలతో పెన్ స్టాండ్లు చేద్దామనుకున్నాను చూడండి. ఆ అమ్మాయి ఆది జాకెట్టు, చీరలోంచి కోసిన జాకెట్టు ముక్క తెచ్చిస్తానంది, "నాకు కుట్టించుకుంటున్నా" అని వాళ్ళమ్మకి చెబుతుందట.

ఆయమ్మ పక్క ఊరి నుంచి షేరాటోలో వస్తుంది. చేతిలో క్యారేజీ, గొడుగు, ఇంకో చేతిలో మనవడికి కొన్న ఏదో ఒకటి. ఆవిడకి భుజాన తగిలించుకునే పెద్ద సంచి, జిప్పుతో. తాళాల కోసం కాదు.

ఆటో అన్నయ్యకి సి బుక్కు, లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితాలు పెట్టుకునే రెండు అరల సంచి. ఇప్పుడు అవి సీటు కింద పాల కవర్లో చుట్టి ఉంటాయి.

లెక్కల అన్నా, మీ మీద కోపం లేదు. కుట్టుకూలి అంటే డబ్బే కదా, కాకపోతే నా దగ్గర ఉన్న రూపంలో.

టీచరుగారూ, మీ ఫోను సంచి మా వాళ్ళకి కూడా పనికొస్తుంది. ఇద్దరికీ అదే కుడతాను. ఒకటి చేసి చూశాను, కుదిరింది.

లత_మదనపల్లె

ఆ ఫోను సంచి కొలతలు పెట్టండక్కా. మా పిల్లాడి టీచరుకి కుడతాను. కలంకారీ గుడ్డ నా దగ్గరా ఉంది, రంగు దిగుతుందేమోనని భయం.

కుట్టుమిషను_పెడన

రాసుకో లతా. వెనక గుడ్డ 11 అంగుళాల పొడవు, ఐదున్నర వెడల్పు. ముందు గుడ్డ 6 అంగుళాల పొడవు, అదే వెడల్పు. రెండింటికీ లైనింగు అదే కొలత. వెనక గుడ్డకీ లైనింగుకీ మధ్యలో దళసరి గుడ్డ పెట్టు, పాత జీన్స్ అయితే బాగుంటుంది. 16 నంబరు సూది వేసుకో, మామూలు సూది అయితే టక్కుమని విరుగుతుంది.

ముందు గుడ్డ పై అంచు మడిచి కుట్టేసి, వెనక గుడ్డ కింది భాగం మీద పెట్టి, మూడు వైపులా కుట్టాలి. చుట్టూ అరంగుళం వదిలితే లోపల నాలుగున్నర వస్తుంది, కవరున్న పెద్ద ఫోను కూడా దిగుతుంది. పైకి మిగిలిన ఐదంగుళాలలో రెండున్నర అంగుళాల కంత పెట్టాలి. కంత అంచుకి పైపింగు తప్పనిసరి, లేకపోతే వారంలో పోగులు లేస్తాయి. ఛార్జరుని ఆ కంతలోంచి ప్లగ్గులో పెడితే ఛార్జరే సంచికి కొక్కెం. వైరుని చుట్టి ఫోనుతో పాటు జేబులోనే వేసేయొచ్చు.

కంత పెట్టే ముందు మీ ఛార్జరు కొలుచుకో. నేను మొదటిది రెండంగుళాలకి పెట్టి, మావారి ఛార్జరు దూరక మళ్ళీ విప్పాను.

రంగు విషయం. మా ఊరి గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు, ఆ తర్వాతే అచ్చు. నలుపు తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిం నుంచి వస్తుంది. ఎరుపు పడాల్సిన చోట పటిక అచ్చు వేసి, తర్వాత గుడ్డని రంగు చెక్కల నీళ్ళలో ఉడకబెడతారు. పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. అలాంటి అసలు రంగు గుడ్డ మొదటి రెండు ఉతుకులకి కొంచెం దిగుతుంది, తర్వాత నిలుస్తుంది. కోసే ముందే ఉప్పేసిన చన్నీళ్ళలో ఒక గంట ఉంచి, పిండకుండా నీడన ఆరెయ్. కుదించుకునేది కూడా అప్పుడే కుదించుకుంటుంది. కుట్టాక కుదించుకుంటే సంచి మూతి వంకరపోతుంది.

డల్లాస్_నాన్న

మా వైపు మే మొదటి వారం టీచర్ అప్రిసియేషన్ వీక్. క్లాసు తల్లిదండ్రులంతా కలిసి గిఫ్ట్ కార్డు కొనేస్తారు. కొంటారు, ఇస్తారు, అయిపోతుంది. మా ఆవిడకి అది నచ్చక పోయినేడు తన పాత కలంకారీ దుపట్టా కోసి బుక్‌మార్కులు చేసింది. అట్టముక్కకి రెండు వైపులా గుడ్డ, కొసన ఊలు కుచ్చు. టీచరుకి, లైబ్రరీ ఆవిడకి, స్కూలు బస్సు డ్రైవరుకి. బస్సు డ్రైవరుకి బుక్‌మార్కు ఎందుకయ్యా అంటే, ఆవిడ పిల్లలు వచ్చేదాకా బస్సులో కూర్చుని నవలలు చదువుకుంటుందని మావాడు చెప్పాడు. నాకు తెలియదు.

టీచరు "ఈ నెమలి ఎక్కడిది" అని అడిగితే మావాడు "ఇండియా" అన్నాడట. ఏ ఊరిదో మాకే తెలియదు. పెడన వాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, ఎలా కనుక్కోవడం?

కుట్టుమిషను_పెడన

అన్నగారూ, గుడ్డ పరిచి చూడండి. అదే నెమలి, అదే తీగ కొన్ని అంగుళాలకోసారి అచ్చం అలాగే తిరిగి వస్తుంటే చెక్క అచ్చు వేసినది. మా పెడన, బందరు వైపుది అయ్యుండొచ్చు. ఒక అచ్చుకీ ఇంకో అచ్చుకీ మధ్య గీత కొంచెం జరిగి కనిపిస్తే, అది మనిషి చేత్తో వేసిన అచ్చే. ఏ రెండు నెమళ్ళూ ఒకేలా లేకుండా, గీత సన్నమూ లావూ అవుతూ ఉంటే కలంతో గీసినది, అది శ్రీకాళహస్తి పద్ధతి. ఈమధ్య మిల్లులో ప్రింటు వేసి కలంకారీ అని అమ్మేది కూడా చాలా వస్తోంది. దాన్ని తిరగేసి చూస్తే వెనకవైపు దాదాపు తెల్లగా ఉంటుంది.

బస్సు ఆవిడ నవలలు చదువుతుందని మీ బాబు కనిపెట్టాడు చూశారా.

బుట్టల_పిన్ని

ఇచ్చాక ఏమైందో రాయమ్మా. ఇక్కడ అందరూ ఏం చేయాలా అని అడుగుతారు గానీ, చేశాక ఒక్కరూ వచ్చి చెప్పరు.

కుట్టుమిషను_పెడన (ఏప్రిల్ 25)

పిన్నీ, చెప్పడానికే వచ్చాను.

మొదట నా నిర్వాకం. లతకి అంత చెప్పి, బైబిలు సంచిలో ఒక్క ముక్క ఉప్పునీళ్ళలో పెట్టడం మరిచిపోయాను. కుట్టడం అయ్యాక తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తుంటే ఎరుపు దిగి తెల్ల లైనింగు గులాబీరంగు అయింది. రాత్రి పదకొండింటికి మొత్తం విప్పి వేరే లైనింగు వేశాను. పువ్వుల తీగ ఉన్న ముక్కే ఏరి పెట్టాను, దేవుడి బొమ్మలున్నవి పక్కన పెట్టేశాను. పాటల పుస్తకానికి బయట ఇంకో జేబు. పెద్ద వంటమ్మ తీసుకుని, కొలత సరిపోయిందా అని అక్కడికక్కడే వంట షెడ్డులోంచి బైబిలు తెచ్చి పెట్టి చూసుకుంది. రోజూ తెచ్చుకుంటుందట, నాకు ఇన్నాళ్ళూ తెలియదు. జిప్పు రెండుసార్లు లాగి చూసి "గట్టిదే" అంది. పచ్చసొన సంగతి పాప కాగితం మీద రాసింది. చదివించుకుని "ఇంకా ముక్కు మూసుకునే తింటున్నావా" అని పాపని అడిగింది.

చిన్న వంటమ్మ జాకెట్టు చూసి అది తనదని నమ్మలేదు. కూతుర్ని తిట్టింది, అబద్ధం చెప్పినందుకు. మర్నాడు మా ఇంటికే వచ్చి "చంక దగ్గర కొంచెం పట్టేసింది" అంది. ఆది జాకెట్టు రెండేళ్ళ కిందటిది అయ్యుంటుంది. కూర్చోబెట్టి అక్కడే అరంగుళం వదిలించి ఇచ్చాను. కూలి ఇవ్వబోయింది, మావారు టీ పెట్టి మాట మార్చారు.

టీచరమ్మ ఫోను సంచిని ఆ నిమిషమే ప్లగ్గుకి తగిలించింది. హెచ్చెమ్ గారు తనదాన్ని అటూ ఇటూ తిప్పి అందులో కళ్ళజోడు పెట్టారు. సరిగ్గా సరిపోయింది, ఇక ఫోను పెట్టేలా లేరు. ఆటో అన్నయ్య ఏమీ అనలేదు గానీ, పాల కవరు నా కళ్ళముందే పారేశాడు.

ఇక ఆయమ్మ. సంచి 15 అంగుళాల వెడల్పు, 14 ఎత్తు. అడుగున రెండంగుళాల మూలలు కోసి కుట్టాను, క్యారేజీ నిటారుగా కూర్చుంటుంది. గొడుగుకి పక్కన పొడవాటి అర. లోపలి జేబు లైనింగు మీద మా పాప ఎర్రదారంతో కాడకుట్టు వేసింది. ఏం వేస్తున్నావే అంటే చెప్పలేదు. నాకు చూపించకుండా రెండు సాయంత్రాలు కూర్చుంది.

ఆవిడ సంచిని తిరగేసి కుట్లు చూసుకుంటూ ఆ జేబు దగ్గర ఆగింది. "ఇదేంటే, ఏనుగా?" అంది. పాప "బోరింగు" అంది. పాప చెప్పాక చూస్తే నాకూ తెలిసింది. పైకి లేచిన పిడి, కింద పడుతున్న నీళ్ళు, పక్కన గోడ మీద చిన్న గౌను.

ఆవిడ కాసేపు దాని మీద వేలితో రాసింది. "ఓసి నీ దుంప తెగ, ఇంకా గుర్తుందా నీకు" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, నేను ఏదో అనబోతుంటే అననివ్వకుండా, సంచి భుజాన తగిలించుకుని నడిచి చూపించింది. పట్టీ 44 అంగుళాలు పెట్టాను, ఆవిడ పొట్టి, సంచి వెళ్ళి మోకాలికి కొడుతోంది. "ఇంత పొడుగు ఎవరికోసం కుట్టావమ్మా, మీ ఆయనకా?" అని నవ్వింది. పట్టీ సరిచేసి ఇమ్మంది. ఇలాంటిదే వాళ్ళ కోడలికి ఇంకోటి కుట్టమంది, దానికి డబ్బులు తీసుకోవాలని గట్టిగా చెప్పింది.

సంచి ఇప్పుడు నా మిషను మీదే ఉంది. పట్టీ రెండు కొసలూ జిప్పు కుట్టులోకి వెళ్ళిపోయాయి, విప్పితే లైనింగు అంతా విప్పాలి, పాప కుట్టిన జేబు కదులుతుంది. అది విప్పకుండా పట్టీని భుజం దగ్గర మధ్యలో కోసి కలపనా, లేక బకిల్ వేయనా? బకిల్ అయితే గీసుకుంటుందేమోనని భయం. బ్యాగులు కుట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. సోమవారం ఆవిడ సంతకి వచ్చినప్పుడు ఇచ్చెయ్యాలి.